రెండు ఇళ్ల మధ్య నెలలు మిగిలినప్పుడు: ఇంటి సామాను కంటైనరులో భద్రపరచుకునే విధానం

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి పట్టణాల్లో కిరాయి ఇంట్లో ఉంటూ సొంత ఇల్లు కట్టుకుంటున్న కుటుంబాలకు ఎండాకాలం చివర ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. ఇంటి ఓనరు మే నెలాఖరుకో జూన్ నెలాఖరుకో ఖాళీ చేయమంటాడు. కొత్త ఇంట్లో టైల్స్ పనీ రంగుల పనీ ఇంకా తెమలవు, తెమిలేసరికి ఆషాఢం వచ్చి పడుతుంది కనుక శ్రావణంలో ముహూర్తం దొరికేదాకా పాలు పొంగించే వీలుండదు. మధ్యలో మూఢం వస్తే ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. మనుషులు ఆ రెండు నెలలూ అత్తగారింట్లోనో అన్నగారింట్లోనో సర్దుకుంటారు గానీ బీరువాలు, మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇత్తడి గంగాళాలు, పుస్తకాల డబ్బాలు ఎక్కడ పెట్టాలన్నది తేలదు.

సాధారణంగా వాటిని నాలుగు ఇళ్లకు పంచి పెడతారు. దానివల్ల ప్రతి వస్తువునూ రెండుసార్లు దించి రెండుసార్లు ఎక్కించవలసి వస్తుంది, సామాను దెబ్బతినేది ఎక్కువగా ఈ ఎక్కింపు దింపుల్లోనే. ఓడల మీద సరుకు తెచ్చే ఇనుప కంటైనరును తెప్పించి, కట్టుబడి జరుగుతున్న ప్లాటులోనే ఒక మూల పెట్టించుకుని, అందులో సామాను ఒకేసారి సర్దుకుంటే ఈ శ్రమ సగానికి తగ్గుతుంది. రోడ్డు పనుల దగ్గరా వెంచర్ల దగ్గరా సైట్ ఆఫీసులుగా మనకు కనిపించే పెట్టెలు ఇవే. వాటిని కిరాయికి ఇచ్చేవారు ఎక్కువగా హైదరాబాదు వైపు ఉంటారు కనుక అక్కడి నుంచి తెచ్చి దించే ఖర్చునూ, తిరిగి తీసుకుపోయే ఖర్చునూ ముందే లెక్కలో వేసుకోవాలి.

కంటైనరు అవసరమా కాదా అన్నది దూరాన్ని బట్టి తేల్చుకోకూడదు, మధ్యలో మిగిలే కాలాన్ని బట్టి తేల్చుకోవాలి. దేవరకొండలో పొద్దున ఎక్కించి సాయంత్రానికి మిర్యాలగూడలో దించే సామానుకు డీసీఎం వ్యాను చాలు, చిన్న సంసారమైతే రెండు ట్రిప్పుల టాటా ఏస్ చాలు. పది పదిహేను రోజుల ఎడం ఉన్నా బంధువుల ఇంట్లో ఒక గది అడిగి పుచ్చుకోవడమే మేలు. మూడు నాలుగు వారాలు దాటి నెలల మీదికి పోతుందని తెలిసినప్పుడు, పెట్టె పెట్టుకునే జాగా మన సొంతమైనప్పుడు మాత్రమే ఇది గిట్టుబాటు అవుతుంది. ఉన్న ఇంటినే బాగు చేయించుకుంటూ, గదులన్నీ ఖాళీ చేసి బండలు మార్పించేవారికి కూడా ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఎంత పెట్టె కావాలి

ఇరవై అడుగుల కంటైనరు అంటే బయటి కొలత. లోపల వాడుకోదగిన పొడవు సుమారు 19 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు, ఎత్తు 7 అడుగుల 10 అంగుళాలు ఉంటుంది. మొత్తం 1,170 ఘనపుటడుగుల దాకా జాగా దొరుకుతుంది. పది అడుగుల పెట్టెలో ఇందులో సగానికి కొంచెం తక్కువ, అంటే 560 ఘనపుటడుగుల దాకా పడుతుంది.

మీ సామాను ఎంతో ఊహతో చెప్పకండి, టేపు పట్టి కొలవండి. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న బీరువా దాదాపు 29 ఘనపుటడుగులు ఆక్రమిస్తుంది. ఒక మోస్తరు ఫ్రిజ్ 20 నుంచి 25, వాషింగ్ మెషిన్ 12, అడుగున్నర కొలతల అట్టపెట్టె మూడున్నర ఘనపుటడుగులు తీసుకుంటాయి. ఇలా అన్నీ కూడి, సందుల కోసం ఆ మొత్తానికి నాలుగో వంతు కలపండి. రెండు పడకగదుల ఇంటి సామాను చాలాసార్లు 450 నుంచి 600 మధ్య తేలుతుంది కాబట్టి పది అడుగుల పెట్టె ఇరుకవుతుంది. మధ్యలో ఏదో ఒక వస్తువు అవసరపడి తీసుకోవాలంటే నడవడానికి దారి ఉండాలి గనుక, సందేహంలో ఉన్నవారు ఇరవై అడుగులదే తీసుకోవడం మంచిది. రెండింటి కిరాయిలో తేడా ఉన్నా, రవాణా ఖర్చులో అంత తేడా ఉండదు.

పెట్టెను చూసి ఒప్పుకోవడం

కిరాయికి వచ్చేవి దాదాపు అన్నీ సముద్రం మీద తిరిగి తిరిగి పక్కకు వచ్చిన పాత పెట్టెలే. పైన కొత్తగా రంగు వేసినంత మాత్రాన అవి గట్టివని అనుకోకూడదు. పట్టపగలు, ఎండ బాగా ఉన్న వేళ లోపలికి వెళ్లి, రెండు తలుపులనూ బయటి నుంచి పూర్తిగా మూయించండి. తలుపు గడియలు బయటి వైపే ఉంటాయి, లోపలి నుంచి తెరవడం కుదరదు. అందువల్ల నమ్మకమైన మనిషిని తలుపు దగ్గరే నిలబెట్టకుండా ఈ పని చేయవద్దు, పిల్లలను లోపలికి అసలే రానీయవద్దు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత కప్పు వైపు, మూలల్లో, గోడ నేలను కలిసే గీత వెంబడి నిదానంగా చూడండి. ఆవగింజంత రంధ్రం ఉన్నా వెలుతురు చుక్క స్పష్టంగా తెలుస్తుంది, వెలుతురు వచ్చే చోట నీళ్లూ వస్తాయి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండకు పగిలిందేమో చేత్తో తడిమి చూడండి. గోడల పైభాగంలో ఉండే చిన్న గాలి రంధ్రాల మూతలు రంగుతోనో టేపుతోనో మూసుకుపోయి ఉంటే తెరిపించండి.

కప్పు పైకి కూడా ఒకరిని ఎక్కించి చూడాలి. హుక్కులు తగిలి సొట్టలు పడ్డ చోట వాననీరు నిలిచి ఇనుము తినేస్తుంది. లోపలి నేల మందపాటి ప్లైవుడ్‌తో ఉంటుంది. దాని మీద నూనె మరకలు గానీ మందుల వాసన గానీ ఉంటే ఆ పెట్టెను వద్దనండి, ఎందుకంటే మూసి ఉంచిన ఇనుప పెట్టెలో ఆ వాసన పరుపులకూ బట్టలకూ పట్టి ఎన్ని ఎండలకు ఆరవేసినా పోదు.

ఎక్కడ దించాలి, ఎలా దించాలి

ఖాళీ పెట్టె బరువే రెండు టన్నులకు పైగా ఉంటుంది. మన ఊళ్లలో దీన్ని లారీ మీద తెచ్చి హైడ్రా క్రేనుతో దించుతారు. లారీ మీద ఉన్నప్పుడు దాని ఎత్తు పదమూడు అడుగుల దాకా పోతుంది కనుక, హైవే దిగిన తర్వాత మీ ప్లాటు దాకా ఉన్న దారినంతా ముందు రోజే ఒకసారి చూసి రావాలి. వేలాడే కేబుల్ తీగలు, చెట్ల కొమ్మలు, కమాన్లు అడ్డు రావచ్చు. బీబీనగర్–నడికుడి రైలు మార్గం వెంబడి నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఊళ్లలోనూ, సికింద్రాబాద్–డోన్ మార్గం వెంబడి మహబూబ్‌నగర్, గద్వాల వైపు ఊళ్లలోనూ మీ దారి రైలు పట్టాల కింది నుంచి పోతున్నట్లయితే, ఆ అండర్‌బ్రిడ్జి ఎత్తును డ్రైవరుకు ముందే చెప్పాలి. వానలు పడ్డాక అలాంటి చోట నీళ్లు కూడా నిలుస్తాయి.

ప్లాటులో నేల సంగతి ఇంకా ముఖ్యం. ఎర్ర చెలక నేల అయితే చదును చేసి నీళ్లు చల్లి దిమ్మిస తొక్కిస్తే సరిపోతుంది. నల్లరేగడి అయితే ఎండకు నెర్రెలు బాసి, వానకు ఉబ్బి మెత్తబడుతుంది. జూన్‌లో సమంగా పెట్టిన పెట్టె ఆగస్టుకు ఒక మూల దిగబడి, చట్రం వంకర తిరిగి తలుపులు బిగుసుకుపోతాయి. అలాంటి చోట పైమట్టి తీసి, మొరం పోయించి గట్టి చేసిన తర్వాతే పెట్టించాలి. కంటైనరు బరువు మొత్తం దాని నాలుగు మూలల మీదే నిలిచేలా తయారవుతుంది కనుక నడుమ ఇటుకలు పేర్చి ప్రయోజనం లేదు. నాలుగు మూలల కిందా రాతి బండలు గానీ సిమెంటు దిమ్మెలు గానీ పెట్టి, నేల నుంచి అడుగు ఎత్తున ఉండేలా చూసి, లెవల్ ట్యూబుతో సరిచూడాలి. కట్టె మొద్దులు వాడవద్దు. చెలక నేలల్లో చెదలు ఎక్కువ, అవి మొద్దును పట్టుకుని పైకి పాకి ప్లైవుడ్ నేలను, అక్కడి నుంచి మీ మంచాలను అందుకుంటాయి. వారానికి ఒకసారి ఆ దిమ్మెల మీద చెద మట్టి గీతలు లేస్తున్నాయేమో చూడటం అలవాటు చేసుకోండి. కింది సందులో పాములూ తేళ్లూ చేరతాయి కాబట్టి చుట్టూ గడ్డి పెరగనీయకూడదు, టార్చి వేసి చూడకుండా చెయ్యి పెట్టకూడదు.

తలుపులు పూర్తిగా తెరుచుకునేలా పెట్టె ముందర పది అడుగుల ఖాళీ ఉంచండి. కరెంటు తీగల కింద గానీ పక్కన గానీ క్రేను చెయ్యి లేపనీయవద్దు. తప్పనిసరైతే విద్యుత్ శాఖ లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించిన తర్వాతే ఆ పని మొదలుపెట్టాలి. ఈ విషయంలో క్రేను డ్రైవరు ఎంత అనుభవజ్ఞుడైనా ఆయన మాట మీద వదిలేయకండి. ఇక వీధిలో రోడ్డు మీద పెట్టాలనుకుంటే మున్సిపాలిటీ నుంచో గ్రామ పంచాయతీ నుంచో అనుమతి కావాలి. నెలల తరబడి రోడ్డును ఆక్రమించడం ఇరుగుపొరుగుకూ అంబులెన్సుకూ అడ్డమే కనుక ఆ ఆలోచన మానుకోవడమే మంచిది.

వీలైనంత వరకు పెట్టెను ఖాళీగా తెచ్చి మీ జాగాలో దించుకుని, సామానును డీసీఎంలో అక్కడికే తెచ్చి సర్దుకోండి. ఖాళీ చేశాక మళ్లీ ఖాళీ పెట్టెనే పంపవచ్చు. నిండు పెట్టెను లేపవలసి వస్తే, కింది నాలుగు మూలల నుంచి సమంగా గొలుసులు కట్టి లేపాలి. రెండు మూలలకే కట్టి ఒక పక్క లేపడం లోపలి సామానుకూ, చుట్టూ ఉన్న మనుషులకూ ప్రమాదం.

ఎండా చెమ్మా: అసలు జాగ్రత్త ఇక్కడే

కంటైనరులో పెట్టిన సామాను పాడైందంటే దొంగల వల్లనో ఎలుకల వల్లనో కన్నా వేడి వల్లా చెమ్మ వల్లా పాడవడమే ఎక్కువ. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. నీడ లేని చోట పెట్టిన ఇనుప పెట్టెలో కప్పుకు దగ్గరగా ఆ వేళ 60 డిగ్రీల దాకా పోవచ్చు. ఆ వేడికి ప్లాస్టిక్ డబ్బాలు వంగుతాయి, ఫోటో ఆల్బముల పుటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అట్టపెట్టెల టేపు జిగురు వదిలి మూతలు లేస్తాయి.

దీనికి ఖరీదైన ఉపాయం అక్కరలేదు. కప్పు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయడానికి పెట్టె యజమాని ఒప్పుకుంటే వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానానికి ఆధారమైన సూత్రం ఇదే, తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. అంతకన్నా మేలైనది పందిరి. నాలుగు గుంజలు పాతి, కప్పుకు అడుగున్నర ఎత్తున తాటి మట్టలో గ్రీన్ నెట్టో పరిపించి, మధ్యలో గాలి ఆడేలా వదిలేయాలి. మట్టలను నేరుగా కప్పు మీద పరిస్తే చెత్త చేరి, వానకు తడిసి, ఇనుము తుప్పు పడుతుంది.

చెమ్మ సంగతి చాలామందికి తెలియదు, పెట్టెకు ఎక్కడా చిల్లు లేకపోయినా కప్పు నుంచి నీళ్లు కారుతాయంటే నమ్మరు. పగలు వేడెక్కిన లోపలి గాలిలో తేమ నిలిచి ఉంటుంది. వాన వెలిసిన రాత్రి ఇనుప కప్పు త్వరగా చల్లబడుతుంది, ఆ చల్లటి ఇనుముకు తగిలిన తేమ బొట్లుగా మారి కింద ఉన్న పరుపుల మీద రాలుతుంది. ఆ తేమ చాలావరకు మనం లోపల పెట్టిన సామానుతోనే వస్తుంది. ఉతికి సగం ఆరిన దుప్పట్లు, గొట్టంలో నీళ్లు మిగిలిన వాషింగ్ మెషిన్, కూలర్ గడ్డి, తడి చీపుర్లు, బాత్రూములో వాడిన బకెట్లు, స్నానాల గది పక్క అటక మీద ఉన్న అట్టపెట్టెలు ఇవన్నీ తేమను మోసుకొస్తాయి. కనుక సర్దే ముందు రెండు రోజులు ఎండ ఉండేలా చూసుకుని, పరుపులూ చెక్క సామానూ డాబా మీద బాగా ఎండబెట్టండి. వాన పడుతున్న రోజు ఎక్కింపు పెట్టుకోవద్దు. హమాలీలు దొరికారు కదా అని తొందరపడితే ఆ నీరంతా రెండు నెలలు లోపలే ఉంటుంది.

నేల మీద చెక్క ప్యాలెట్లు పరిచి, వాటిపైన సామాను పెట్టండి. ప్యాలెట్లకు చెద లేదని ముందు చూసుకోవాలి. గోడలకూ సామానుకూ మధ్య రెండు మూడు అంగుళాలు, కప్పుకూ సామానుకూ మధ్య జానెడు సందు వదలండి. సామాను పైన పాత నూలు దుప్పట్లు కప్పండి, అవి రాలిన బొట్టును పీల్చుకుని మళ్లీ ఆరిపోతాయి. చాలామంది జాగ్రత్త పేరుతో మొత్తం సామాను మీద ప్లాస్టిక్ పట్టా కప్పి బిగిస్తారు. అది పైనుంచి పడే నీటిని ఆపినా, కింది చెమ్మను బయటికి పోనీయక బూజు పట్టిస్తుంది. పరుపుల ప్లాస్టిక్ కవరు కూడా దారిలో దుమ్ము పడకుండా ఉండటానికి పనికొస్తుంది గానీ నెలల తరబడి నిలువ ఉంచడానికి పనికిరాదు. కాల్షియం క్లోరైడు ఉన్న తేమ పీల్చే సంచులు బజారులో దొరుకుతాయి. వాటిని నాలుగైదు చోట్ల బట్టలకు తగలకుండా వేలాడదీసి, నీళ్లు నిండగానే మార్చాలి. రెండు వారాలకు ఒకసారి, పొడి గాలి వీచే మధ్యాహ్నం పూట తలుపులు గంటసేపు తెరిచి ఉంచండి. ముసురు పట్టిన రోజున తెరిస్తే మేలుకు బదులు కీడే జరుగుతుంది.

లోపల పెట్టకూడనివి

గ్యాస్ సిలిండరు నిండుదైనా ఖాళీదైనా లోపల పెట్టకూడదు. ఊరు మారుతున్నవారు సిలిండరునూ రెగ్యులేటరునూ డీలరుకు అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, బదిలీ వోచరు పుచ్చుకుంటే కొత్త ఊళ్లో కనెక్షను తీసుకోవచ్చు. పెయింటు డబ్బాలు, టర్పెంటైన్, కిరోసిన్, పెట్రోలు మిగిలిన బండి, పటాకులు, దోమల మందు స్ప్రేలు, సెంటు డబ్బాలు ఇవన్నీ ఆ వేడిలో ప్రమాదకరమైనవే. ఇన్వర్టరు బ్యాటరీ ఒక్కటే యాభై కిలోలకు పైగా బరువుండి, లోపల ఆమ్లంతో ఉంటుంది. ఒరిగితే బట్టలూ నేలా కాలిపోతాయి, నెలల తరబడి చార్జింగు లేకుండా వదిలితే అదీ పాడవుతుంది. దాన్ని మీరు ఉండే ఇంటికే తీసుకుపోయి వాడుకోవడం మంచిది.

ఏడాది బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి, తొక్కు జాడీలు కూడా లోపలికి వద్దు. ఒక్క బియ్యం బస్తా ఉంటే చాలు, దాని వాసనకు ఎలుకలు తలుపు రబ్బరును కొరికి లోపలికి వస్తాయి, వచ్చాక అవి బియ్యంతో ఆగవు. పట్టు చీరల విషయంలో ఇంకా శ్రద్ధ అవసరం. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలు ఈ నేల మీద నేసినవి, చాలా ఇళ్లలో తల్లి నుంచి బిడ్డకు వచ్చినవి. చెమ్మకూ ప్లాస్టిక్ కవర్లకూ జరీ నల్లబడుతుంది, కలరా ఉండలు నేరుగా తగిలినా దెబ్బతింటుంది. వాటిని ఉతికిన పాత పంచెలో చుట్టి వెంట తీసుకుపోవాలి. పట్టాదారు పాసు పుస్తకాలు, రిజిస్ట్రేషను కాగితాలు, చదువుల సర్టిఫికెట్లు, బంగారం, మందులు మీ చేతి సంచిలోనే ఉండాలని వేరే చెప్పనవసరం లేదు. దేవుడి పటాలనూ, గృహప్రవేశం నాడు పాలు పొంగించే గిన్నెనూ కూడా కంటైనరులో ఇరికించకుండా మీతో ఉంచుకుంటే, ఆ తెల్లవారుజామున వాటి కోసం సామానంతా తిరగేయవలసిన పని ఉండదు.

సర్దే క్రమం

ముందుగా ఒక నోటుబుక్కు పెట్టుకుని, ప్రతి అట్టపెట్టెకూ ఒక అంకె వేసి, ఆ అంకెకు ఎదురుగా లోపల ఏమున్నాయో రాయండి. అంకె పెట్టెకు రెండు పక్కలా రాయాలి, పైన రాస్తే దాని మీద ఇంకో పెట్టె రాగానే కనబడదు. పెట్టె మీద పాత ఇంటి గది పేరు కాక, కొత్త ఇంట్లో అది చేరవలసిన గది పేరు రాయండి. పుస్తకాలను చిన్న పెట్టెల్లో, పదిహేను కిలోలు దాటకుండా పెట్టాలి. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు పెడితే అడుగు ఊడిపోతుంది, మోసేవారి నడుమూ పడిపోతుంది.

కంటైనరును పొడవునా నాలుగైదు అడుగుల చొప్పున భాగాలుగా ఊహించుకుని, తలుపుకు ఎదురుగా ఉన్న గోడ దగ్గర మొదలుపెట్టి, ఒక భాగాన్ని కింది నుంచి పైదాకా నింపి తాడుతో బిగించిన తర్వాతే రెండో భాగానికి రావాలి. గోడల్లో తాడు కట్టడానికి చిన్న ఇనుప కొక్కేలు ఉంటాయి. రుబ్బురోలు, కుట్టు మిషను, ఇత్తడి పాత్రల పెట్టెలు, పుస్తకాలు నేల మీద రావాలి. కుర్చీలు, బట్టల మూటలు, ప్లాస్టిక్ సామాను పైకి పోవాలి. కుడి ఎడమల బరువు సమంగా ఉండాలి. నిండుగానే రోడ్డెక్కించవలసిన పెట్టెలో మొత్తం బరువు లోపలి గోడ వైపే చేరకూడదు. అనుభవమున్న హమాలీ ఎవరైనా “అన్నా, బరువులన్నీ ఒక్క దిక్కే పెడితే బండి గుంజుతది” అని ముందే చెబుతాడు, ఆ మాట వినండి. గంగాళాలూ గుండిగల లోపల తువ్వాళ్లూ దుప్పట్లూ కూరితే జాగా కలిసివస్తుంది, సొట్టలూ పడవు.

బీరువాను నిలువుగానే, వీపు గోడ వైపు ఉండేలా పెట్టి, అరల్లో తేలికైన బట్టలు మాత్రమే ఉంచి తాళం వేయండి. అద్దం ఉన్న తలుపు మీద మందపాటి దుప్పటి కట్టాలి. విడి అద్దాలనూ టీవీనీ పడుకోబెట్టవద్దు, రెండు పరుపుల మధ్య నిలువుగా నిలబెట్టాలి. ఫ్రిజ్‌ను ఒక రోజు ముందే ఆపి, మంచు కరిగించి, తడి లేకుండా తుడిచి, తలుపు మధ్య మడత గుడ్డ పెట్టి కొద్దిగా తెరిచి ఉంచితే లోపల ముక్క వాసన రాదు. ముందు తలుపున్న వాషింగ్ మెషిన్‌కు కొన్ననాడు వెనుక నుంచి తీసిన బోల్టులను మళ్లీ బిగించకపోతే కుదుపులకు డ్రమ్ము దెబ్బతింటుంది. ఏసీని విప్పేముందు మెకానిక్ చేత గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగించాలి. మంచాలూ టేబుళ్లూ విప్పిన నట్లూ బోల్టులను చిన్న గుడ్డ సంచిలో వేసి, ఆ సంచిని ఆ వస్తువు కాలికే గట్టిగా కట్టండి.

కొత్త ఇంట్లో మొదటి రోజే అవసరమయ్యే పొయ్యి, నాలుగు గిన్నెలు, చాపలు, బకెట్లు, చీపురు, స్క్రూడ్రైవరు, టేబుల్ ఫ్యాను అన్నిటికన్నా చివర, తలుపు పక్కనే పెట్టాలి. తలుపు మూసే ముందు ఒక్కో భాగానికి ఫోటోలు తీసి ఉంచుకోండి.

కాగితాలూ తాళమూ

ఒప్పందంలో కిరాయి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో, నెల మధ్యలో ఖాళీ చేస్తే ఎన్ని రోజులకు లెక్క కడతారో, క్రేను ఖర్చు రెండు వైపులా ఎవరిదో, క్రేను వచ్చి ఆగినందుకు అదనంగా తీసుకుంటారో లేదో, జీఎస్టీ కలిపే చెప్పారో లేదో స్పష్టంగా రాయించుకోండి. ముహూర్తాలు జరిగిపోవడం మామూలే కాబట్టి, గడువు పెంచుకుంటే పాత ధరే వర్తిస్తుందన్న మాట కూడా కాగితం మీద ఉండాలి. పెట్టెను మీ దగ్గర కాక యజమాని యార్డులో ఉంచే ఏర్పాటైతే, ఎప్పుడు వచ్చి చూసుకోవచ్చో రాయించి, మీ సొంత తాళమే వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోవాలి.

బీమా మాట వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. రవాణా బీమా సామాను దిగగానే ముగుస్తుంది కనుక నిలువ ఉన్న కాలానికి వేరే బీమా ఉందా అన్నది ఒకటి. మనం సొంతంగా సర్దుకున్న పెట్టెల్లో పగిలిన వస్తువులకు చాలా పాలసీలు పరిహారం ఇవ్వవు గనుక, ఏవి వర్తిస్తాయో ఏవి వర్తించవో జాబితా ఇస్తారా అన్నది రెండోది.

వాడిన ఇంటి సామానుకు జీఎస్టీ నిబంధనల్లో ఈ-వే బిల్లు మినహాయింపు ఉంది. అయినా మహబూబ్‌నగర్ నుంచి రాయచూరుకో, గద్వాల నుంచి కర్నూలుకో రాష్ట్రం దాటేవారు సంతకం చేసిన సామాను జాబితా, పాత చిరునామా, కొత్త చిరునామా, గుర్తింపు కార్డు నకలు డ్రైవరు దగ్గర ఉంచితే దారిలో ఆలస్యం ఉండదు. కొత్తగా కొన్న వస్తువులకు బిల్లులు వేరుగా పెట్టండి.

దించుకునే రోజు

తలుపు తెరిచేటప్పుడు ఒక తలుపును పట్టుకుని కొద్దిగా మాత్రమే తెరవండి, లోపల జారిన సామాను తలుపుకు ఆనుకుని ఉండవచ్చు. తలుపు సందుల్లో కందిరీగలు గూడు పెట్టి ఉంటాయి కనుక ముందు చూసుకోవాలి. కాసేపు గాలి ఆడనిచ్చి, నోటుబుక్కులో అంకె మీద టిక్కు పెడుతూ దించండి. ఫ్రిజ్‌ను దించిన వెంటనే స్విచ్ వేయకుండా నాలుగైదు గంటలు నిలువుగా ఉంచాలి. పరుపులూ చెక్క మంచాలూ ఒక పూట ఎండ చూపించి లోపలికి తీసుకుపోండి. అట్టపెట్టెల అడుగుల్లో చెద గానీ బొద్దింక గుడ్లు గానీ ఉన్నాయేమో గుమ్మం బయటే చూసి, ఖాళీ అట్టలను కొత్త ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉంచకండి. పెట్టె ఖాళీ అయ్యాక లోపల ఊడ్చి, నేలా గోడలూ ఫోటోలు తీసి, క్రేను వచ్చి లేపేముందే యజమాని మనిషి చేత పెట్టె మంచి స్థితిలో తిరిగి అందినట్టు తేదీతో సంతకం చేయించుకుని, డిపాజిట్ ఏ రోజు వస్తుందో ఆ కాగితం మీదే రాయించుకోండి.